ఏళ్ల తరబడి వేధించే తలనొప్పికి ఆక్యుపంక్చర్ పనిచేస్తుందా?

మల్లెపందిరి (మల్కాజిగిరి):
సభ్యులందరికీ నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తాను. పెళ్లికి ముందు నుంచీ నాకు పార్శ్వపు తలనొప్పి (మైగ్రేన్) ఉంది. కుడి కణత దగ్గర మొదలై కంటి వెనుక పోటుగా మారుతుంది. వెలుతురు చూడలేను, వాంతి అయితే తప్ప తెరిపి ఉండదు. ఇదివరకు ఎప్పుడో ఒకసారి వచ్చేది కాబట్టి చీకటి గదిలో పడుకొని నెట్టుకొచ్చేదాన్ని. గత ఏడాదిగా దాని తీరు మారింది. వారంలో సగం రోజులు తల దిమ్ముగానే ఉంటోంది, మధ్యమధ్యలో పాత నొప్పి పూర్తి బలంతో వచ్చి పడుతోంది. నరాల డాక్టరు గారు రాత్రిపూట వేసుకోవడానికి అమిట్రిప్టిలిన్ రాశారు. కొంత తగ్గిన మాట నిజమే గానీ, పొద్దున మొదటి పీరియడ్‌లో మగతగా ఉంటోంది.

మా సహోద్యోగిని సలహా మీద, ఒంట్లో సన్నని సూదులు గుచ్చి చికిత్స చేసే ఒక ఆక్యుపంక్చర్ కేంద్రానికి వెళ్లి వివరాలు అడిగాను. ప్యాకేజీ డబ్బు ముందే కట్టాలనీ, ఆ తర్వాత జన్మలో తలనొప్పి రాదనీ, అయితే మొదటి రోజు నుంచే మాత్రలన్నీ మానేయాలనీ చెప్పారు. మానేయాలన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఈ చికిత్స వల్ల నిజంగా ఎంత మేలు జరుగుతుందో, ఎవరికి జరుగుతుందో, చేయించుకుంటే ఏ జాగ్రత్తలు తీసుకోవాలో తెలిసినవారు దయచేసి వివరంగా రాయగలరు.

నాడీస్పందన (న్యూరాలజిస్టు, సోమాజిగూడ):
టీచర్ గారూ, మాత్రలు ఒక్కసారిగా మానేయమన్న సలహాను మీరు పాటించకపోవడం మంచిదయింది. అమిట్రిప్టిలిన్ వంటి నివారణ మందును ఆపవలసి వస్తే రాసిన డాక్టరు పర్యవేక్షణలో నెమ్మదిగా తగ్గించాలి. పొద్దుటి మగతకు మోతాదు మార్చడం, మాత్రను పడుకునే వేళకు కాకుండా కాస్త ముందుగా వేసుకోవడం వంటి మార్గాలు ఉన్నాయి. ఆ విషయం మీ డాక్టరు గారితోనే మాట్లాడండి.

ఆక్యుపంక్చర్ గురించి చెప్పే ముందు మిమ్మల్ని ఒకటి అడగాలి. అమిట్రిప్టిలిన్ కాకుండా, నొప్పి వచ్చినప్పుడు వేసుకునే మాత్రలు నెలలో ఎన్ని రోజులు వేసుకుంటున్నారు? ఎన్ని మాత్రలన్నది కాదు, ఎన్ని రోజులన్నది ముఖ్యం. అప్పుడప్పుడూ వచ్చే మైగ్రేన్ వారంలో సగం రోజులు ఉండే తలనొప్పిగా మారిందంటే, నేను అన్నిటికన్నా ముందు చూసేది దీన్నే. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ వంటి ఒకే మందున్న మాత్రలు నెలకు 15 రోజులు గానీ అంతకు మించి గానీ, రెండు మూడు మందులు కలిపిన తలనొప్పి మాత్రలు, ట్రిప్టాన్లు (మైగ్రేన్ దాడికి ప్రత్యేకంగా ఇచ్చే మాత్రలు), ఓపియాయిడ్లు (నల్లమందు జాతి నొప్పి మందులు) నెలకు 10 రోజులు గానీ అంతకు మించి గానీ మూడు నెలలకు పైగా వాడితే, ఆ మాత్రలే తలనొప్పిని పెంచి పోషిస్తాయి. నెలకు 15 రోజులు లేదా అంతకన్నా ఎక్కువగా తలనొప్పి ఉంటూ, దానితో పాటు ఈ వాడకం కూడా ఉంటే, దాన్ని మందుల అతివాడకపు తలనొప్పి అంటాము. అది ఉన్నంతకాలం నివారణ మందు పూర్తి ఫలితం చూపదు, సూదుల ఫలితాన్ని తేల్చుకోవడం కూడా కష్టం.

మల్లెపందిరి (మల్కాజిగిరి):
డాక్టరు గారికి ధన్యవాదాలు. నెలలో సుమారు సగం రోజులు వేసుకుంటున్నాను. మందుల షాపులో ఇచ్చేది కెఫీన్ కూడా కలిసిన మాత్ర. అది వేసుకోకపోతే పాఠం చెప్పలేను. ఇదే కారణం కావచ్చని ఇంతవరకు నాకు ఎవరూ చెప్పలేదు.

మందులకొట్టు (ఫార్మసిస్టు, సికింద్రాబాద్):
మేడమ్ గారు చెప్పింది మా కౌంటరు ముందు రోజూ కనిపించేదే. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళకు వచ్చేవారిలో చాలామంది మందు పేరు కూడా చెప్పరు, నుదుటి మీద రెండు వేళ్లు పెట్టి చూపిస్తారు. ఒకటి చింపి ఇస్తే అక్కడే నీళ్ల సీసా తీసి వేసుకొని, మిగతా షీటు చొక్కా జేబులో పెట్టుకొని వెళతారు. మర్నాడో మూడో నాడో మళ్లీ అదే మనిషి వస్తారు. ఈ మాత్రలు చీటీ లేకుండా దొరుకుతాయి కాబట్టి ప్రమాదం లేనివని అందరి నమ్మకం. గుర్తుపట్టిన వారిని డాక్టరుకు చూపించుకోమని చెబుతూనే ఉంటాను. మాత్ర వేసుకున్న ప్రతి తేదీ పక్కన క్యాలెండరులో ఒక గీత గీయండని కూడా చెబుతాను. నెలాఖరున ఆ గీతలు చూసుకున్నాక డాక్టరు దగ్గరికి వెళ్లినవారు కొందరున్నారు.

లెక్కలపుస్తకం (బయోస్టాటిస్టిక్స్, తార్నాక):
టీచర్ గారి మొదటి ప్రశ్న, అంటే మేలు ఎంత అన్నదానికి నేను జవాబు రాస్తాను. నా వృత్తి వైద్య పరీక్షల, అంటే ఒక చికిత్స పనిచేస్తుందో లేదో రోగుల బృందాలను పోల్చి చూసే ప్రయోగాల గణాంకాలు చూడడం. ఈ అంశం మీద జరిగినన్ని మంచి పరీక్షలు ప్రత్యామ్నాయ చికిత్సల్లో చాలా వాటి మీద జరగలేదు. అందుచేత ఇక్కడ నమ్మకాల మీద వాదించుకోవలసిన అవసరం లేదు.

2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఇంగ్లండ్, వేల్స్‌లలో దీర్ఘకాలపు తలనొప్పి ఉన్న 401 మందిని తీసుకున్నారు. వారిలో ఎక్కువమంది మైగ్రేన్ రోగులు. సగం మందికి మామూలు వైద్యంతో పాటు మూడు నెలల్లో 12 సార్ల వరకు ఆక్యుపంక్చర్ చేశారు, మిగతావారికి మామూలు వైద్యమే సాగింది. ఏడాది తర్వాత చూస్తే తలనొప్పి తీవ్రత స్కోరు సూదుల బృందంలో 34 శాతం, రెండో బృందంలో 16 శాతం తగ్గింది. రోజుల్లో చెప్పాలంటే ఏడాదికి 22 తలనొప్పి రోజులు తగ్గినట్లు. మందుల వాడకం కూడా 15 శాతం తక్కువయింది. చికిత్స మూడు నెలల్లో ముగిసినా మేలు ఏడాది చివరి దాకా నిలవడం ఇందులో విశేషం. అయితే ఎవరికి సూదులు వేశారో రోగులందరికీ తెలుసు, కాబట్టి ఈ మేలులో నమ్మకం పాలు ఎంత, సూది పాలు ఎంత అన్నది దీనితో తేలదు.

ఆ ప్రశ్నకు జర్మనీలో జవాబు వెతికారు. 2005లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన పరీక్షలో 302 మంది మైగ్రేన్ రోగులను మూడు బృందాలు చేశారు. మొదటి బృందానికి సంప్రదాయం చెప్పిన స్థానాల్లో సూదులు వేశారు. రెండో బృందానికి ఆ స్థానాలు కానిచోట, పైపైన గుచ్చారు. మూడో బృందాన్ని చికిత్స ఇవ్వకుండా వేచి ఉండమన్నారు. మధ్యస్థమైన లేదా తీవ్రమైన తలనొప్పి ఉండే రోజులు సగానికి తగ్గినవారు మొదటి బృందంలో 51 శాతం, రెండో బృందంలో 53 శాతం, మూడో బృందంలో 15 శాతం. అసలు స్థానాల్లో గుచ్చినా, కానిచోట గుచ్చినా ఫలితం ఒక్కటే, ఏమీ చేయకపోవడం కన్నా మాత్రం రెండూ ఎంతో మెరుగు. 2006లో 960 మందితో జరిగిన మరో జర్మన్ పరీక్షలో మూడో బృందానికి సాధారణ నివారణ మందులు ఇచ్చారు. అక్కడ సగానికి తగ్గినవారు వరుసగా 47, 39, 40 శాతం. ఆ తేడాలు గణాంకాల ప్రకారం లెక్కలోకి వచ్చేవి కావు.

ఇలాంటి 22 పరీక్షలను, మొత్తం 4,985 మందిని కలిపి, వైద్య పరీక్షల ఫలితాలను క్రోడీకరించే కోక్రేన్ సంస్థ 2016లో సమీక్షించింది. మైగ్రేన్ సంఖ్య సగానికి తగ్గినవారు సూదులు వేయించుకున్నవారిలో 41 శాతం, వేయించుకోనివారిలో 17 శాతం. కానిచోట గుచ్చడం వంటి ఉత్తుత్తి సూదులతో పోల్చిన పరీక్షల్లో అసలు సూదులకు 50 శాతం, ఉత్తుత్తి సూదులకు 41 శాతం. నివారణ మందులతో పోల్చిన పరీక్షల్లో మూడు నెలలకు సూదులకు 57 శాతం, మందులకు 46 శాతం ఉండగా, ఆరు నెలలకు ఆ తేడా చాలావరకు చెరిగిపోయింది. తల చుట్టూ పట్టీ బిగించినట్లుండే టెన్షన్ తలనొప్పి మీద అదే ఏడాది వచ్చిన మరో సమీక్షలో అసలు సూదులకు సుమారు 51 శాతం, ఉత్తుత్తి సూదులకు 43 శాతం.

వీటిని చూసి నేను ఏర్పరచుకున్న అభిప్రాయం ఇది. నివారణ చికిత్సగా ఆక్యుపంక్చర్ మేలు చేస్తుంది. ఆ మేలు నివారణ మాత్రలకు తీసిపోదు. అయితే అందులో అధిక భాగం ఏ బిందువులో గుచ్చారన్న దాని మీద ఆధారపడి లేదు. జన్మలో మళ్లీ రాదన్న హామీకి ఈ అంకెల్లో ఎక్కడా చోటు లేదు. బాగా పనిచేసిన పరీక్షల్లో కూడా సుమారు సగం మందికి నొప్పి సగం కూడా తగ్గలేదన్న సంగతి డబ్బు కట్టే ముందు గుర్తుంచుకోవాలి.

తర్కదీపం (విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు, నల్లకుంట):
లెక్కలపుస్తకం గారు ఇచ్చిన అంకెలను ఆయన కన్నా కఠినంగా చదవాలని నా అభిప్రాయం. కానిచోట గుచ్చినా 53 శాతం మందికి తగ్గిందంటే, శరీరంలో చీ అనే శక్తి ప్రవహించే నాళాలు, వాటి మీద నిర్ణీత బిందువులు అన్న సిద్ధాంతం పరీక్షలో నిలవలేదని అర్థం. సిద్ధాంతం నిలవకపోయినా వైద్యం నిలబడిందని చెప్పడం నాకు సమ్మతం కాదు. పైగా తలనొప్పి దానంతట అది ఎక్కువ తక్కువ అవుతూ ఉండే జబ్బు. మనిషి చికిత్స కోసం వెళ్లేది అది శిఖరానికి చేరినప్పుడు. ఏమీ చేయకపోయినా ఆ తర్వాత కొంత దిగుతుంది. వేచి ఉన్న బృందంలో తగ్గిన 15 శాతం మంది అలాంటివారే. రోగి మంచం మీద అరగంట ప్రశాంతంగా పడుకోవడం, ఒకరు శ్రద్ధగా ఆమె బాధ వినడం, తగ్గుతుందన్న ఆశ, ఇవన్నీ కలిస్తే మిగతా మేలు వస్తుంది. అదే నిజమైతే రోగి దగ్గర ప్రాచీన శాస్త్రం పేరు చెప్పి రుసుము తీసుకోవడం న్యాయమా? మన నగరంలో ఒక్కో సందులో ఒక్కో బోర్డు కనిపిస్తోంది. వారి శిక్షణ ఏమిటో, సూదులు ఎక్కడివో అడిగే నాథుడు లేడు.

ప్రకృతిబాట (ప్రకృతి వైద్యురాలు, అమీర్‌పేట):
మాష్టారి ప్రశ్న న్యాయమైనదే. నేను బల్కంపేట గాంధీ ప్రకృతి వైద్య కళాశాలలో చదివాను. ఐదున్నరేళ్ల బీఎన్‌వైఎస్ (ప్రకృతి వైద్యం, యోగా డిగ్రీ) కోర్సులో శరీర నిర్మాణం, శరీర ధర్మ శాస్త్రంతో పాటు ఆక్యుపంక్చర్ కూడా పాఠ్యాంశం. ఆ చదువుతో వచ్చినవారిని, వారాంతపు శిక్షణతో బోర్డు పెట్టినవారిని ఒకే గాటన కట్టవద్దని కోరుతున్నాను. మన దేశంలో ఈ విద్యకు ఆద్యుడు డాక్టర్ బిజయ్ కుమార్ బసు. 1938లో డాక్టర్ కోట్నిస్‌తో పాటు చైనా వెళ్లిన భారతీయ వైద్య బృందంలోని ఐదుగురిలో ఆయన ఒకరు. తర్వాతి కాలంలో దీన్ని నేర్చుకొని కలకత్తాలో మొదలుపెట్టారు. పశ్చిమ బెంగాల్‌లో 1996లో, మహారాష్ట్రలో 2015లో ఇందుకు ప్రత్యేక చట్టాలు వచ్చాయి. 2019 ఫిబ్రవరిలో కేంద్ర ఆరోగ్య శాఖ దీన్ని స్వతంత్ర చికిత్సా విధానంగా గుర్తించింది.

నా గదిలో ఏం జరుగుతుందో చెబుతాను. రోగిని వెల్లకిలా గానీ బోర్లా గానీ పడుకోబెడతాను. స్పిరిట్‌తో చర్మం తుడిచి, సీలు ఉన్న పొట్లం ఆమె ముందే చింపుతాను. సూది మందం పావు మిల్లీమీటరు ఉంటుంది. మామూలు 23 గేజి ఇంజెక్షన్ సూది మందం ఇందుకు రెండింతలు దాటుతుంది. సన్నని ప్లాస్టిక్ గొట్టాన్ని చర్మానికి ఆనించి, దాని పైకి పొడుచుకొచ్చిన సూది పిడిని వేలితో ఒకసారి తడితే మొన లోపలికి వెళుతుంది. గొట్టం తీసేసి, అవసరమైన లోతుకు దింపుతాను. పుర్రె అడుగున మెడ కండరాలు అతుక్కునే చోట రెండువైపులా ఉండే ఫెంగ్‌చి, కణతల దగ్గరి తాయ్‌యాంగ్, నడినెత్తిన బైహుయ్, చేతిలో బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కండరంలో ఉండే హెగు తలనొప్పికి తరచుగా వాడే స్థానాలు. సూదిని మెల్లగా తిప్పినప్పుడు నొప్పి కాకుండా లోపల బరువుగా, లాగినట్లుగా ఉందని రోగి చెబుతారు. చైనా వైద్యులు దాన్ని దెచి అంటారు. ఇరవై నుంచి ముప్పై నిమిషాలు ఉంచి తీసేసి, వాడిన సూదులను లెక్కపెట్టి, గుచ్చుకోని గట్టి డబ్బాలో వేస్తాను.

ఉత్తుత్తి సూదుల విషయంలో నా అభ్యంతరం ఒకటుంది. కానిచోట గుచ్చినా అది గుచ్చడమే. చర్మంలో, కండరంలో ఉన్న నాడులు స్పందిస్తాయి. 2010లో రోచెస్టర్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, సూది తిప్పిన చోట అడినోసిన్ అనే పదార్థం పెరిగి, నొప్పి సంకేతాన్ని తగ్గించిందని తేలింది. కాబట్టి పరీక్షల్లో రెండో బృందానికి ఇచ్చింది ఏ ప్రభావమూ లేని పంచదార మాత్ర వంటిది కాదు. చీ, నాళాలు అన్న పాత భాషను నేను రోగికి శాస్త్రంగా చెప్పను. నాడుల ద్వారా పనిచేస్తుందనే చెబుతాను, ఎంతవరకు తగ్గవచ్చో కూడా ముందే చెబుతాను.

తర్కదీపం (నల్లకుంట):
డాక్టరు గారు రోగికి ముందే పరిమితి చెబుతున్నందుకు సంతోషం. అడినోసిన్ ప్రయోగం ఎలుకల పాదం నొప్పి మీద జరిగింది. మనుషుల మైగ్రేన్‌కు దాన్ని అన్వయించడానికి మధ్యలో ఇంకా చాలా మెట్లు ఉన్నాయి. గుచ్చడమే మందు అయితే, బిందువుల పటం గోడకు వేలాడదీసి దాని పేర ఎక్కువ రుసుము తీసుకోవడానికి ఆధారం లేదన్న నా వాదన మరింత బలపడుతుంది.

రాత్రిషిఫ్టు (మాదాపూర్):
నాకు మేలు జరిగింది కాబట్టి రాస్తున్నాను. అమెరికా వేళల్లో పనిచేసే ఉద్యోగం నాది. మధ్యాహ్నం నిద్ర, వేళకాని వేళ భోజనం, తెల్లవారుజామున క్యాంటీన్ టీలు. మైగ్రేన్ వారానికి ఒకసారి తప్పేది కాదు. నివారణకు ఇచ్చిన ప్రొప్రానొలాల్ మాత్ర నాకు పడలేదు, చిన్నప్పటి ఉబ్బసం తిరగబెట్టింది. డాక్టరు గారు అనుమతించాకే సూదులు మొదలుపెట్టాను. మొదటి కొన్ని సార్లకు ఏ మార్పూ లేదు. తర్వాత దాడుల మధ్య ఎడం పెరిగింది, వచ్చినా మునుపటి ఉధృతి లేదు. ఇది పూర్తిగా సూదుల గొప్పేనని మాత్రం నేను చెప్పను, ఎందుకంటే అపాయింట్‌మెంట్ కోసం నిద్ర వేళలు సరిచేసుకున్నాను, ఆ రోజుల్లో భోజనం కూడా తప్పించలేదు. ఇందులో ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేకపోయినా, ఉబ్బసం ఉన్న మనిషికి మాత్ర కాని మార్గం ఒకటి దొరకడం నా దృష్టిలో చిన్న విషయం కాదు. తర్కదీపం గారు దీన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని మనవి.

వనస్థలి_అమ్మాయి (వనస్థలిపురం):
నా అనుభవం దీనికి పూర్తిగా భిన్నమైనది. మా అమ్మకు అరవై దాటాక, అంతకుముందు ఎన్నడూ లేని తలనొప్పి కొత్తగా మొదలైంది. ఎడమ కణత మీద దువ్వెన తగిలినా ఓర్చుకోలేకపోయేది. చపాతీ నమిలేటప్పుడు దవడ నొప్పి పుట్టి, మధ్యలో ఆపేసి పాలల్లో నానబెట్టుకొని తినేది. మేము వయసు, పళ్లు అనుకున్నాము. దగ్గరలోని ఒక కేంద్రంలో వారాల తరబడి సూదులు వేశారు. ప్రతిసారీ ఇంకొంచెం ఓపిక పట్టమన్నారు గానీ, దవడ నొప్పి గురించి అమ్మ చెబుతున్నా ఎవరూ పట్టించుకోలేదు, రక్తపరీక్ష చేయించమని ఎవరూ అనలేదు. ఒకరోజు ఎడమ కన్ను కాసేపు మసకబారడంతో ఆసుపత్రికి పరుగెత్తాము. రక్తపరీక్షలో ఈఎస్ఆర్ (ఒంట్లో వాపును సూచించే అంకె) చాలా ఎక్కువగా ఉంది. కణత దగ్గరి రక్తనాళం వాపు అని చెప్పి ఆ రోజే స్టెరాయిడ్లు మొదలుపెట్టారు. చూపు దక్కింది. ఆలస్యమైతే శాశ్వతంగా పోయేదని చెప్పారు. సూదుల వల్ల అమ్మకు హాని జరగలేదు. సూదులతో గడిచిపోయిన ఆ కాలం వల్ల జరగబోయింది. దయచేసి అందరూ ఈ తేడా గమనించాలి.

నాడీస్పందన (సోమాజిగూడ):
వనస్థలి అమ్మాయి గారు రాసింది ఈ చర్చలోకెల్లా ముఖ్యమైనదని నేను భావిస్తున్నాను. ఆక్యుపంక్చర్ వైద్యుడే కాదు, ఎంబీబీఎస్ డాక్టరు కూడా రోగ నిర్ధారణ లేకుండా తలనొప్పికి చికిత్స చేయకూడదు. యాభై ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన తలనొప్పి, పిడుగు పడ్డట్లు క్షణాల్లో పతాకస్థాయికి చేరే తలనొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, చేయి కాలు బలహీనపడడం, మాట తడబడడం, చూపు మందగించడం, మూర్ఛ, దగ్గినా వంగినా పెరిగే నొప్పి, తలకు దెబ్బ తగిలాక వచ్చిన నొప్పి, క్యాన్సర్ రోగులకు గానీ రోగనిరోధక శక్తి తగ్గినవారికి గానీ కొత్తగా వచ్చిన నొప్పి కనిపిస్తే ముందు ఆసుపత్రికి వెళ్లాలి. పిడుగులాంటి నొప్పికి, పక్షవాతపు లక్షణాలకు గంటలు కూడా ఆగకూడదు.

అవేవీ లేకుండా మైగ్రేన్ గానీ టెన్షన్ తలనొప్పి గానీ అని తేలిన వ్యక్తి సూదులు వేయించుకుంటానంటే నేను అడ్డుచెప్పను. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2012 మార్గదర్శకాలు టెన్షన్ తలనొప్పి నివారణకు 5 నుంచి 8 వారాల్లో 10 సార్ల వరకు ఆక్యుపంక్చర్‌ను పరిశీలించమన్నాయి. మైగ్రేన్‌కు మాత్రం నివారణ మందులు పడనప్పుడు, పనిచేయనప్పుడు పరిశీలించమన్నాయి. రాత్రిషిఫ్టు గారిది సరిగ్గా అలాంటి సందర్భమే. ఆయనకు ఉబ్బసం ఉంది కాబట్టి ప్రొప్రానొలాల్ ఇవ్వకూడదు.

టీచర్ గారి విషయంలో నా సలహా మరోలా ఉంటుంది. ముందు కలగలుపు మాత్రల సంగతి తేల్చుకోండి. మీ డాక్టరు గారి సూచన ప్రకారం వాటిని ఆపినప్పుడు కొద్ది రోజులు, సాధారణంగా రెండు నుంచి పది రోజుల వరకు, నొప్పి పెరుగుతుంది, వికారం, నిద్రలేమి ఉండవచ్చు. వీలైతే ఆ వారాన్ని సెలవుల్లో పెట్టుకోండి. అమిట్రిప్టిలిన్‌ను అప్పుడు ఆపవద్దు. ఆ తర్వాత నాలుగు వారాలు డైరీ రాయండి. తేదీ, నొప్పి మొదలైన వేళ, తీవ్రత పదికి ఎంత, వేసుకున్న మాత్ర, నెలసరి, ముందు రాత్రి నిద్ర, తప్పించిన భోజనం రాస్తే చాలు. కార్తీక సోమవారాల ఉపవాసాలు, ఏప్రిల్ ఎండలో పరీక్షల డ్యూటీ వంటివి మీ విషయంలో ఎంత పాత్ర వహిస్తున్నాయో ఆ డైరీలోనే కనిపిస్తుంది. అప్పటికీ నొప్పి రోజులు ఎక్కువగానే ఉంటే సూదులు మొదలుపెట్టండి, డైరీ మాత్రం ఆపవద్దు. రెండు నెలల్లో నొప్పి రోజులు చెప్పుకోదగినంత తగ్గకపోతే అక్కడితో విరమించండి. అందుకే ప్యాకేజీ మొత్తం ముందే కట్టవద్దు, ఏ రోజు రుసుము ఆ రోజు తీసుకునే వైద్యుల దగ్గరికే వెళ్లండి.

లెక్కలపుస్తకం (తార్నాక):
డాక్టరు గారు చెప్పిన నాలుగు వారాల డైరీ పరీక్షల్లో కూడా ఉంటుంది. చికిత్సకు ముందు నాలుగు వారాల లెక్క లేకపోతే తర్వాతి లెక్కను దేనితో పోల్చాలో తెలియదు. జ్ఞాపకం మీద ఆధారపడితే, చివరిగా వచ్చిన నొప్పి ఎలా ఉందో దాన్నిబట్టే నెలంతా గుర్తుంటుంది. తర్కదీపం గారికి ఒక సంగతి. పరీక్షల తర్వాత 2006లో జర్మనీ ఆరోగ్య బీమా వ్యవస్థ దీర్ఘకాలపు నడుము నొప్పికి, మోకాలి అరుగుదల నొప్పికి ఆక్యుపంక్చర్ ఖర్చు భరించాలని నిర్ణయించింది గానీ, తలనొప్పిని ఆ జాబితాలో చేర్చలేదు. మీ సందేహం అక్కడి నిపుణులకు కూడా వచ్చిందన్నమాట.

తర్కదీపం (నల్లకుంట):
ఆ సమాచారానికి కృతజ్ఞతలు. నిర్ధారణ జరిగాక, పరిమితి చెప్పి, డైరీ పెట్టి, ఏ రోజు రుసుము ఆ రోజు తీసుకొని చేసే చికిత్స మీద నాకు ఫిర్యాదు లేదు. సిద్ధాంతం మీద నా అభిప్రాయంలో మార్పు లేదు.

మల్లెపందిరి (మల్కాజిగిరి):
అందరికీ కృతజ్ఞతలు. దసరా సెలవుల్లో మాత్రలు ఆపే విషయం మా డాక్టరు గారితో మాట్లాడుతాను. మరొక సందేహం. మా నాన్నగారికి గుండెలో కృత్రిమ కవాటం ఉంది, రక్తం పలచబడే మందు వాడతారు. ఆయన కూడా మెడనొప్పికి సూదులు వేయించుకుంటానంటున్నారు. వేయించవచ్చా?

ప్రకృతిబాట (అమీర్‌పేట):
నేనైతే వేయను మేడమ్. పలచబడే మందు వాడేవారికి సూది గుచ్చిన చోట రక్తం కారి కండరం లోపల గడ్డలా చేరే ప్రమాదం ఉంది, కృత్రిమ కవాటం ఉన్నవారికి చర్మం నుంచి సూక్ష్మక్రిములు రక్తంలో చేరితే కవాటానికే ముప్పు. ఆయన గుండె డాక్టరు గారు రాతపూర్వకంగా అనుమతించకుండా ఎవరు వేస్తామన్నా ఒప్పుకోవద్దు. ఆరోగ్యంగా ఉన్నవారిలో మాత్రం తీవ్రమైన హాని అరుదు. జర్మనీలో 97,733 మంది మీద జరిపిన పరిశీలనలో సూది ఊపిరితిత్తి పొరను తాకి గాలి చేరిన ఘటనలు రెండు నమోదయ్యాయి. అరుదే అయినా, భుజాల పైభాగంలో, ఛాతీ మీద లోతుగా గుచ్చేవారు శరీర నిర్మాణం చదివినవారై ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే. మీరు ఎక్కడికి వెళ్లినా పొట్లం మీ కళ్ల ముందే చింపమని అడగండి. మరిగించి మళ్లీ వాడతామంటే లేచి వచ్చేయండి, హెపటైటిస్ బి, సి అలాగే అంటుకుంటాయి.

కొత్తచిగురు (మియాపూర్):
ఈ చర్చను మొదటి నుంచీ చదువుతున్నాను. నాకు ఐదో నెల. మైగ్రేన్ మాత్రలు వేసుకోవడానికి భయంగా ఉంది కాబట్టి సూదులే సురక్షితమని మా అత్తయ్య గారు అంటున్నారు. అది నిజమేనా?

ప్రకృతిబాట (అమీర్‌పేట):
అమ్మా, ముందుగా శుభాకాంక్షలు. గర్భిణులకు హెగు, చీలమండ లోపలి వైపు ఉండే సాన్‌యిన్‌జియావ్ స్థానాల్లో గుచ్చకూడదన్నది సంప్రదాయం చెప్పే నియమం. నేను దాన్ని తప్పకుండా పాటిస్తాను. మీ ప్రసూతి వైద్యురాలికి తెలియకుండా మాత్రం ఎక్కడా వేయించుకోవద్దు.

నాడీస్పందన (సోమాజిగూడ):
కొత్తచిగురు గారూ, వాల్‌ప్రోయేట్, టోపిరమేట్ అనే మందులు బిడ్డకు హాని చేస్తాయి. మీరు వాటిలో ఏదైనా వాడుతున్నట్లయితే ఈ రోజే మీ ప్రసూతి వైద్యురాలికి, రాసిన డాక్టరుకు ఫోన్ చేసి చెప్పండి. నొప్పి వచ్చినప్పుడు పారాసిటమాల్‌ను వారు చెప్పిన మోతాదులో వేసుకోవచ్చు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి సొంతంగా వేసుకోవద్దు. మైగ్రేన్ చాలామందికి నాలుగో నెల తర్వాత దానంతట అదే నెమ్మదిస్తుంది. ఐదో నెల దాటాక నొప్పి కొత్త రకంగా అనిపించినా, కళ్ల ముందు మెరుపులు, ముఖం వాపు, పొట్ట పైభాగంలో నొప్పి వచ్చినా, సూదుల దగ్గరికి గానీ మాత్రల దగ్గరికి గానీ వెళ్లకుండా వెంటనే ఆసుపత్రిలో రక్తపోటు చూపించుకోండి, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయించుకోండి.